మోరీన్‌ను ముట్టకు

కంప్యూటరు ఒక ప్రశ్న అడిగితే ముందు దాన్ని చదవాలనీ, ఆ తరవాతే జవాబు చెప్పాలనీ నాకింకా తెలియని రోజులవి. ఇరవై నాలుగేళ్ళ వయసు, ఇంగ్లండులో స్విండన్ అనే ఊళ్ళో ఉద్యోగం, ఒంటిమీద చారిటీ షాపులో కొన్న పాత కోటు. తెర మీద ఏ చిన్న పెట్టె తెరుచుకున్నా అందులో ఏం రాసుందో చూడకుండా 'అవును' నొక్కేసేవాణ్ణి. దాన్ని చురుకుదనం అనుకునేవాణ్ణి. (మనుషుల దగ్గర మాత్రం ఎవరేం అడిగినా ముందు 'కాదు' అనేవాణ్ణి. యంత్రాల దగ్గరే ఈ మెతకతనం.) ఈ ఒక్క అలవాటు వల్ల, ఎప్పుడో చనిపోయిన పదిమంది ఒక నవంబరు శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి లేచి వచ్చి, పగలంతా పనిచేసి, సాయంత్రం ఐదింటికి మళ్ళీ పోయారు. మీరు కంగారు పడకండి. మీ వంతు కూడా నేనే పడ్డాను.

మా కంపెనీ ఊరి చివర బిజినెస్ పార్కులో ఉండేది. బెల్‌ఫాస్ట్‌లో మా టెస్టింగ్ టీము ఒకటి ఉండేది. వాళ్ళకి రోజూ పొద్దున్నే పది కొత్త సర్వర్లు తయారుచేసి ఇవ్వడం, సాయంత్రం వాటిని తీసేయడం నా పని. సర్వర్లంటే ఇనప బీరువాల్లో గుయ్యిమంటూ ఉండే కాలం అప్పుడే పోతోంది. మనం ఎన్నడూ చూడని ఊళ్ళో, ఎవరిదో పెద్ద గిడ్డంగిలో ఉన్న యంత్రంలోంచి ఒక ముక్కని పిలిస్తే అది లేచి పలుకుతుంది, పొమ్మంటే పోతుంది. దీనికి క్లౌడ్ అని పేరు పెట్టారు. ఒక్కొక్క సర్వర్‌ని పిలవడానికి పాతిక చోట్ల నొక్కాలి. పది సర్వర్లు లేచేసరికి నాకు లంచ్ టైము అయ్యేది. రెండు నెలలు నొక్కి, వేలు వంకరపోతుందన్న భయంతో, ఆ నొక్కుళ్ళన్నీ తనే చేసే ఒక స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, రాశాను. నేను పొద్దున తొమ్మిదింటికి లాప్‌టాప్ తెరవగానే అది ఒక ఫైల్లోంచి పది పేర్లు తీసుకుని పది సర్వర్లను లేపేది. మధ్యలో ఏదైనా చచ్చిపోతే నాలుగు నిమిషాల్లో అదే పేరుతో ఇంకోదాన్ని నిలబెట్టేది. సాయంత్రం సరిగ్గా ఐదింటికి, మొదట ఒక్కొక్కదాని పేరు తుడిచేసి, తరవాత దాన్ని తీసేసేది. ఈ సాయంత్రం పనిని మాత్రం నా లాప్‌టాప్‌తో సంబంధం లేకుండా క్లౌడ్‌లోనే ఒక మూల పెట్టాను. నేను మరిచిపోయి ఇంటికి వెళ్ళిపోయినా అది ఆగకూడదని నా ముందుచూపు. నా ముందుచూపు ఎప్పుడూ నా వెనకనుంచే వచ్చి పొడుస్తుంది.

ఈ పేర్ల సంగతి టీ తాత పెట్టింది. టీ తాత అంటే మా ఆఫీసులో అందరికన్నా పాత మనిషి, అరవై దాటిన ఆంగ్లేయుడు. అంచు పగిలిన పెద్ద టీ మగ్గు ఒకటి ఎప్పుడూ చేతిలో ఉండేది. (ఆయనా, తరవాత ఫోన్‌లో వచ్చే బెల్‌ఫాస్ట్ ఆవిడా మాట్లాడేది ఇంగ్లీషే. ఇక్కడ వాళ్ళకి నా తెలుగు అరువిస్తున్నాను.) నా స్క్రిప్టు చూసి ఆయన మూడు షరతులు పెట్టాడు. ఒకటి, సర్వర్లకి నంబర్లు కాదు, పేర్లు పెట్టాలి. "నంబరయితే ఫోన్‌లో చెప్పేటప్పుడు తారుమారవుతుంది. పేరు చెబితే మనిషిలా గుర్తుంటుంది" అన్నాడు. రెండు, ఒకసారి వాడిన పేరు మళ్ళీ ఇంకోదానికి వాడకూడదు, జాబితాలోంచి కొట్టేయాలి. "పోయినదాని పేరు వేరేదానికి పెట్టకు. మంచిది కాదు." మూడోది చెప్పేముందు కాసేపు మగ్గులోకి చూశాడు. "మోరీన్‌ను ముట్టకు."

మా సర్వర్ల జాబితాలో అన్నిటికన్నా అడుగున ఒకటి ఉండేది, పేరు మోరీన్. నేను పుట్టించినది కాదు, నేను చేరకముందే ఉంది. ఎవరూ దాన్ని వాడటం చూడలేదు. "అది ఏం చేస్తుంది?" అని అడిగాను.

"ఉంటుంది" అన్నాడు.

అంతకన్నా వివరం రాలేదు. సరే, మోరీన్ తప్ప అన్నీ తీసెయ్యమని స్క్రిప్టులో ఒక లైను రాసి, ఇంటర్నెట్‌లో దొరికిన ఇంగ్లీషు పువ్వుల పేర్లు మూడువందలు ఫైల్లో పడేసి పని మొదలుపెట్టాను.

ఆ ఆఫీసు గురించి ఇంకో రెండు మాటలు చెప్పాలి. మొదటిది దీపాలు. మనిషి కదలిక ఉంటేనే వెలుగుతాయి, పది నిమిషాలు ఎవరూ కదలకపోతే ఒక్కొక్క వరసే ఆరిపోతూ మన మీదికి వస్తుంది చీకటి. బుద్ధిగా కదలకుండా పనిచేసేవాడికి ఆ ఆఫీసులో పడే శిక్ష అది. చెయ్యి గాల్లో ఊపితే మళ్ళీ వెలుగుతాయి. రెండోది, పాత సర్వర్ గది. బీరువాలన్నీ ఎత్తుకెళ్ళిపోయారు. నేలమీద అవి నిలబడిన చోట తుప్పు మరకలు మిగిలాయి. చల్లదనం కోసం పెట్టిన యంత్రం మాత్రం ఆగలేదు, దాని స్విచ్చు ఎక్కడుందో తెలిసినవాళ్ళు కంపెనీలో లేరు. ఆ ఖాళీ గదిలో, ఆ చలిలో, బోర్లించిన డబ్బా మీద కూర్చుని టీ తాత రోజూ సాయంత్రం టీ తాగేవాడు. ఒకసారి తలుపుకున్న అద్దంలోంచి చూశాను. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఎదురుగా ఎవరూ లేరు. నేను మెల్లగా వెనక్కి వచ్చేశాను. (భయపడి కాదు, మీటింగ్ ఉంది. సరే, మీటింగ్ లేదు.)

ఇక నేను అద్దెకుండే ఇల్లు. ఇంటి ఓనరు ఆంటీది బాపట్ల, ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. అంతకుముందు నవంబరులో అంకుల్ పోయారు. ఆ తరవాత రెండు నెలలకి నేను వాళ్ళింట్లో చిన్న గదిలో దిగాను. తలుపు వెనక కొక్కేనికి అంకుల్ కోటు వేలాడుతుండేది. "దాన్నొక్కదాన్నీ కదిలించబాకయ్యా" అంది ఆంటీ మొదటిరోజే. చీకట్లో చూస్తే అచ్చం ఒక మనిషి గోడవైపు తిరిగి ఏదో ఆలోచిస్తున్నట్టు ఉండేది. మొదటి వారం దుప్పటి ముసుగుపెట్టి పడుకున్నాను. రెండో వారం నుంచి గుడ్‌నైట్ చెప్పడం మొదలుపెట్టాను. జవాబు రాలేదు కాబట్టి మా స్నేహం చక్కగా సాగింది.

ఆ ఏడాది మా స్విండన్ తెలుగు ఫెలోషిప్‌లో, పోయినవాళ్ళ జ్ఞాపకార్థ కూడిక శనివారం మధ్యాహ్నం పెట్టారు. పోయినవాళ్ళ పేర్లు తెరమీద వేసి ఒక్కొక్కటే చదువుతారు, పేరు చదవగానే ఆ ఇంటివాళ్ళు లేచి నిలబడతారు. ఆ పేర్లు పోగుచేసే పని ఆంటీది. రెండు నెలలపాటు డ్యూటీల మధ్య ఫోన్లు చేసి, ఆసుపత్రిలో డ్యూటీ వేళలు వేసిచ్చే రోటా కాగితాల వెనక రాసుకుంది. టైపు చేసి, హాల్లో ప్రొజెక్టర్ నడిపే పని నాది. గురువారం సాయంత్రం వంటింటి బల్ల మీద ఆఫీసు లాప్‌టాప్ తెరిచాను.

"రాయవయ్యా. మొదట మీ అంకులు. ప్రకాశరావు."

"అక్షరాల వరసలో పెడదామా ఆంటీ? నీటుగా ఉంటుంది."

"నీ నీటు అవతల పెట్టు. ఆయన బతికున్నన్నాళ్ళూ అన్నిటికీ ఆఖర్నే వొచ్చాడు. బస్సుకి ఆఖరు, చర్చికి ఆఖరు, నా కాన్పుక్కూడా పిల్ల పుట్టి స్నానం అయ్యాక వొచ్చాడు. పోయేటప్పుడొక్కటే తొందరపడ్డాడు. ఈ ఒక్కసారికీ ముందుండనీ."

అలా నవ్వుతూనే అంది గానీ, పక్కన హోంవర్కు చేసుకుంటున్న పదమూడేళ్ళ కూతురు పెన్ను ఆపి వాళ్ళమ్మ మొహంలోకి చూసింది. నేను కిక్కురుమనకుండా ప్రకాశరావు అని కొట్టాను. ఆ తరవాత మరియమ్మ, యేసుదాసు, దేవదానం, ఇశ్రాయేలు... మొత్తం అరవై ఒక్క పేర్లు. కొన్ని ఎవరివో ఆంటీకీ తెలియదు. ఊళ్ళో అత్తగారు చెబితే ఇక్కడి కోడలు చెప్పినవి. అయ్యాక ఆంటీ రోటా కాగితాలన్నీ కూతురి చేతికిచ్చింది. వాళ్ళింట్లో చేత్తో తిప్పి కాగితాలు చీల్చే చిన్న మిషన్ ఉండేది. ఆసుపత్రి కాగితం ముక్క కూడా ఇంట్లో ఉండకూడదని ఆంటీ పట్టుదల. "దిస్ ఈజ్ లైక్, చైల్డ్ లేబర్, మమ్" అంటూ ఆ పిల్ల పిడి తిప్పింది. రెండు నెలల ఫోన్లు సేమియాలాగా కింద పడ్డాయి.

నేను ఫైలుకి 'పేర్లు' అని పేరుపెట్టి దాచాను. ఒక చిన్న పెట్టె తెరుచుకుంది. ఇదే పేరుతో ఇక్కడ ఇంకో ఫైలు ఉంది, దాని స్థానంలో దీన్ని పెట్టమంటారా అని అడిగి ఉంటుంది. నేను చదవలేదు. అవును అన్నాను.

మర్నాడు శుక్రవారం. తొమ్మిదింటికి ఆఫీసులో లాప్‌టాప్ తెరిచాను. మధ్యాహ్నం ఆంటీ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లోకి ఆ ఫైలు, తెరిచి చూడకుండానే, కాపీ చేసుకున్నాను. మూడింటికల్లా శుక్రవారం అలవాటుగా అందరూ ఒక్కొక్కరే లాప్‌టాప్ సంచిలో వేసుకుని వెళ్ళిపోయారు. నాలుగయ్యేసరికి పొద్దుపోయింది. బయట పొగమంచు, అద్దాల్లో నా మొహం తప్ప ఏమీ కనపడటం లేదు. నాలుగూ పావుకి ఫోను మోగింది. అవతల బెల్‌ఫాస్ట్ అక్క, అక్కడి టెస్టింగ్ టీము మనిషి. నేను ఎప్పుడూ చూడని మనిషి, గొంతే తెలుసు. లోకంలో ప్రతిదాన్నీ ముందు 'బుల్లి' అనే మాట తగిలించి పిలవడం ఆవిడ అలవాటు.

"మీ బుల్లి యేసుదాసు పోయాడు" అంది.

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"కంగారేం లేదులే. నాలుగు నిమిషాల్లో లేచి వచ్చాడు. కాకపోతే పొద్దుటినుంచి నేను చెప్పిందేదీ ఆయనకి గుర్తు లేదు."

"ఎవరు?"

"యేసుదాసు. మరియమ్మ పలుకుతోంది కానీ చాలా మెల్లగా, ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. దేవదానం లోపలే ఉన్నాడు, ఎంత తట్టినా తలుపు తియ్యడం లేదు. ఏమిటి, పువ్వులు అయిపోయాయా?"

సరిగ్గా అప్పుడే హాలుకి అవతలి కొసన ఒక దీపం ఆరింది. తరవాత దాని పక్కది. నేను కదలకుండా కూర్చున్నాను కాబట్టి ఆరుతున్నాయని నాకు తెలుసు. తెలిసినా చెయ్యి ఊపడం మరిచిపోయాను. ఈ పేర్లు తెలిసినవాళ్ళు లోకంలో ముగ్గురం, ఒక కాగితాల మిషన్. సముద్రానికి అవతల బెల్‌ఫాస్ట్‌లో కూర్చున్న ఈ మనిషికి దేవదానం ఎలా తెలుసు?

"వాళ్ళ పేర్లు మీకెవరు చెప్పారు?" అన్నాను.

"ఎవరో చెప్పడమేమిటి? నా ముందరే ఉన్నారు."

"ఎంతమంది?"

"పదిమంది. వాళ్ళలో ప్రకాశరావు ఒక్కడే బంగారం. పొద్దున అందరికన్నా ముందు లేచాడు, అందరికన్నా వేగం. అలాంటివాళ్ళు ఇంకో నలుగురుంటే నేను ఈపాటికి ఇంట్లో ఉండేదాన్ని."

చివరి దీపం కూడా ఆరింది. ఆ చీకట్లో నాకు తలుపు వెనక కోటు గుర్తొచ్చింది. పొద్దున నేను బయల్దేరేటప్పుడు అది కొక్కేనికే ఉందా? చూశానా? (తరవాత చూశాను, ఉంది. కోట్లకి పాస్‌పోర్టు ఉండదు, బెల్‌ఫాస్ట్ దాకా ఎలా వెళుతుంది? ఇప్పుడింత ధీమాగా చెబుతున్నాను. అప్పుడు మాత్రం కళ్ళు మూసుకుని, బడిలో నేర్పిన ప్రార్థనలో గుర్తున్న సగం మూడుసార్లు చెప్పుకున్నాను.) మళ్ళీ ఫోన్ చేస్తానని పెట్టేసి, చెయ్యి పైకెత్తి ఊపాను. దీపాలు వెలిగాయి. వెలుతురులో కొంచెం బుర్ర పనిచేసింది. 'పేర్లు' ఫైలు తెరిచాను. అందులో పువ్వులు లేవు. సుశీలమ్మ అనే పేరుతో మొదలైంది. ఆవిడ ఆంటీ చెప్పిన వరసలో పదకొండోది.

అప్పుడు దయ్యాల భయం పూర్తిగా పోయింది. దాని స్థానంలో అసలు భయం వచ్చి కూర్చుంది.

పొద్దున స్క్రిప్టు ఆ ఫైల్లోంచి మొదటి పది పేర్లు తీసుకుని సర్వర్లకి పెట్టి, టీ తాత షరతు ప్రకారం వాటిని కొట్టేసింది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదీ ఈ తల తెగిన జాబితాయే. కాగితాలు సేమియా అయిపోయాయి. ఆ పది పేర్లూ ఇప్పుడు ఈ లోకంలో ఒక్కచోటే ఉన్నాయి, ఆ పది సర్వర్ల మీద. ఐదింటికి నా రెండో స్క్రిప్టు వచ్చి ముందు పేర్లు తుడిచి, తరవాత వాళ్ళని తీసేస్తుంది. రేపు ఆ హాల్లో పది ఇళ్ళవాళ్ళు తమ పేరు వస్తుందని చూసి చూసి, కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఇంటికి వెళతారు. మొదటి వరసలో ఆంటీ. ఈ ఒక్కసారికీ ముందుండనీ అంది. ఆవిడకి ఫోన్ చేసి అడుగుదామా అంటే డ్యూటీలో ఉంది, ఫోను లాకర్లో ఉంటుంది. ఉండకపోయినా ఏమని చెప్పను? ఆంటీ, అంకుల్ బెల్‌ఫాస్ట్‌లో పనిచేస్తున్నారు, ఐదింటికి తీసేస్తున్నాను అనా?

టైము నాలుగూ నలభై. భయపడేదేముంది, క్లౌడ్ పేజీ తెరిచి పది పేర్లు రాసుకుంటే సరిపోతుంది. తెరవబోతుంటే మధ్యలో ఒక పెట్టె అడ్డం వచ్చింది. నాకు టైము లేదు. అవును అన్నాను.

తెర నల్లబడింది. తరవాత నీలంగా మారి, ఎంతో మర్యాదగా ఇలా అంది: అప్‌డేట్లు పెడుతున్నాం, కంప్యూటరు ఆపవద్దు, ఒక శాతం పూర్తయింది.

నేను ఆ ఒక శాతం వైపు చూస్తూ నిలబడ్డాను. అది రెండు కాలేదు. ఆఫీసులో ఇంకో మనిషంటూ ఉంటే టీ తాతే ఉండాలని పాత సర్వర్ గదికి పరిగెత్తాను. తలుపు తోశాను. దీపం వెలుగుతోంది. చల్లగాలి హోరుమంటోంది. బోర్లించిన డబ్బా మీద మగ్గు ఉంది, అందులోంచి ఆవిరి లేస్తోంది. మనిషి లేడు. పేరు పెట్టి పిలిచాను, నా గొంతు నాలుగు గోడలకీ తగిలి తిరిగి వచ్చింది. (టాయిలెట్‌కి వెళ్ళాడని సోమవారం తెలిసింది. అరవై దాటిన మనిషి, రోజుకి పద్నాలుగు టీలు, అందులో వింతేముంది? కానీ ఆ క్షణాన నాకు ఆ ఆలోచన రాలేదు.) వెనక్కి పరిగెత్తి బెల్‌ఫాస్ట్‌కి ఫోన్ చేశాను.

"కోటు వేసేసుకున్నాను" అంది అక్క.

"ఒక్క సాయం. మీ ముందున్న పది పేర్లూ నాకు చదివి చెప్పాలి. ఐదింటిలోపు. వాటిని తియ్యకుండా ఆపడం మీవల్ల అవుతుందా?"

"చూడ్డమే నా చేతిలో ఉంది నాయనా, ముట్టుకునే అధికారం మాకివ్వలేదు. ఏమయింది, ఎవరైనా పోయారా?"

"అందరూ" అన్నాను. "ఎప్పుడో."

అటువైపు కోటు విప్పి కుర్చీ మీద పడేసిన చప్పుడు, కుర్చీ లాక్కున్న చప్పుడు. "రాసుకో" అంది. ఇంకేం అడగలేదు. బెల్‌ఫాస్ట్ వాళ్ళంటే నాకు ఇప్పటికీ ఉన్న గౌరవం ఆ కుర్చీ చప్పుడుతో మొదలైంది.

ఐదింటి స్క్రిప్టు పైనుంచి కిందికి వస్తుంది కాబట్టి, కిందనుంచి పైకి చదవమన్నాను. పిజ్జా టేక్‌అవే మెనూ ఒకటి దొరికితే దాని వెనక రాయడం మొదలుపెట్టాను. ఒక్కొక్క అక్షరం విడగొట్టి చెబుతోంది. ఆర్ ఫర్ రోజీ, ఏ ఫర్ యాపిల్, జే ఫర్ జామ్ అంటూ రాజరత్నం గారు ఒక్కరే ఒకటిన్నర నిమిషం తిన్నారు. మధ్యలో దీపాలు ఆరబోతే కుడిచేత్తో రాస్తూ ఎడమచెయ్యి గాల్లో ఊపాను. ఆ సమయంలో బయటినుంచి ఎవరైనా అద్దంలోంచి చూసి ఉంటే, ఖాళీ ఆఫీసులో ఒకడు ఎవరికో వీడ్కోలు చెబుతూ ఉత్తరం రాస్తున్నాడని అనుకుని ఉంటారు. ఏడు అయ్యాయి. ఎనిమిది అయ్యాయి. గోడ గడియారంలో ముల్లు ఐదు మీదికి వచ్చింది.

"అయ్యో" అంది అక్క. గొంతు తగ్గింది. "ప్రకాశరావు పేరు పోయింది. ఖాళీ గడి ఉంది... ఇప్పుడు గడి కూడా పోయింది."

"ఆయన నాకు తెలుసు. ఆయన్ని వదిలెయ్యండి. తరవాతది?"

"మరియమ్మ వణుకుతోంది. పోయింది. అది కిందికి వస్తోంది, నేను పైకి పోతున్నాను. యేసుదాసు. వై, ఈ, ఎస్, యూ..."

"తెలుసు, మరియమ్మా తెలుసు, యేసుదాసూ తెలుసు. దేవదానం కూడా తెలుసు. ఇంకెవరైనా మిగిలారా?"

"లేరు. అందరినీ చెప్పేశాను." ఊపిరి పీల్చుకుంది. ఇద్దరం ఫోన్ పెట్టెయ్యలేదు. అవతల ఒక్కొక్క గడీ మాయమవడం ఆవిడ చూస్తోందని, నాకు కనపడకపోయినా, తెలుస్తోంది. చాలాసేపటికి అంది. "పదిమందీ వెళ్ళిపోయారు. మోరీన్ ఒక్కతే ఉంది. చూస్తున్నట్టుంది." ఆ తరవాత వెంటనే మామూలు గొంతుతో, "సరే, బుల్లి వీకెండ్ బాగా గడుపు" అని పెట్టేసింది. నా లాప్‌టాప్ అప్పటికి నాలుగు శాతం పూర్తిచేసుకుంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, అప్‌డేట్లు పూర్తయ్యాక, అంకుల్ కోటుకి వీపు పెట్టి కూర్చుని, ప్రకాశరావుని అన్నిటికన్నా పైన, ఆయన కింద మరియమ్మనీ యేసుదాసునీ పెట్టి, మెనూ వెనక ఉన్న పేర్లన్నీ ఆఖరిదాన్నుంచి మొదటిదాకా తిరగేసి జాబితాలో చేర్చాను. రాసింది రాసినట్టు కొట్టాను. చదవకుండా టైపు చెయ్యడం సాధ్యమా అని మీరు అడగొచ్చు. నేను చేశాను.

శనివారం మధ్యాహ్నం ఇంగ్లీషువాళ్ళ చర్చి హాలు. రేడియేటర్లు టకటకమంటున్నాయి గానీ వేడి రావడం లేదు. వెనక బల్ల మీద రేకుల్లో పలావు. నూట ఇరవైమంది కోట్లు విప్పకుండా కూర్చున్నారు. పాస్టరుగారు మొదటి పేరు చదివారు. ఆంటీ, కూతురూ లేచి నిలబడ్డారు. కూతురు వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుంది, ఆ వయసులో అందరిముందూ ఆ పని చెయ్యడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ తరవాత ఒక్కొక్క పేరుకీ ఒక్కొక్కచోట కుర్చీలు కిర్రుమన్నాయి. నేను ప్రొజెక్టర్ పక్కన నిలబడి లెక్కపెట్టుకుంటున్నాను. తొమ్మిది. పది. గండం గడిచింది. పాస్టరుగారు తరవాతి పేరు చూసి, కళ్ళద్దాలు సర్దుకుని చదివారు.

"మోరీన్."

ఏ కుర్చీ కిర్రుమనలేదు. బెల్‌ఫాస్ట్ అక్కని కిందనుంచి మొదలుపెట్టమన్నాను. అన్నిటికన్నా కింద ఎవరున్నారో, ఆవిడతోనే మొదలుపెట్టింది. పాస్టరుగారు ఇంకోసారి చదివారు. జనం తలలు తిప్పి ఒకరివైపు ఒకరు చూసుకున్నారు. ఆ నిశ్శబ్దంలో రేడియేటరు ఒక్కసారి టక్కుమంటే నా గుండె కూడా అలాగే అంది. తెరమీద ఆ పేరు వెలుగుతూ ఉంది, చూస్తున్నట్టు. తీసేద్దామని నా వేలు ముందుకు పోయింది. కానీ ఆ ఒక్క మాట నాకు బాగా గుర్తుంది. ముట్టకు.

అప్పుడు ముందు వరసలో ఆంటీ మళ్ళీ లేచింది.

"ఎవురో ఒంటిగా పోయిన తల్లి అయ్యుంటది పాస్టరుగారూ. మా వార్డులో చూస్తంటాను, ఎనకాల ఎవురూ ఉండరు. నేను నిలబడతాన్లెండి."

ఆవిడ పక్కావిడ లేచింది. తరవాత వాళ్ళ వెనక వరస. చూస్తుండగానే హాలంతా లేచి నిలబడింది. నేను ఎలాగూ నిలబడే ఉన్నాను కాబట్టి ఇంకా నిటారుగా నిలబడ్డాను. ఒక సర్వర్ ఆత్మశాంతి కోసం మౌనం పాటించిన మొదటి తెలుగువాళ్ళం మేమేనని లోపల ఒక జోకు తయారైంది. సోమవారం టీ తాతకి చెప్పి నవ్విద్దామని దాచుకున్నాను.

సోమవారం చెప్పాను. పాత సర్వర్ గదిలో, ఆ చలిలో, చేతులు ఊపుతూ మొత్తం చెప్పాను. మోరీన్ అన్న మాట దగ్గర ఆయన చేతిలో చెంచా ఆగింది. నేను గమనించకుండా జోకు కూడా చెప్పేశాను.

"ఎంతమంది లేచారు?" అన్నాడు.

"అందరూ. నూట ఇరవైమంది దాకా."

ఆయన చెంచా మగ్గులో పెట్టేశాడు. "ఆవిడ అంత్యక్రియలకి నలుగురం ఉన్నాం" అన్నాడు. "వాళ్ళలో ఒకాయన వేరే గది అనుకుని వచ్చాడు. మర్యాదస్తుడు, చివరిదాకా కూర్చున్నాడు."

నవ్వాలో వద్దో తెలియలేదు. ఆయనే ముందు నవ్వాడు. ఈ గదిలో మొట్టమొదటి యంత్రం నిలబెట్టినప్పుడు దానికి భార్య పేరు పెట్టాడట, గుయ్యిమని మోగే ఇనప బీరువాకి నా పేరా అని ఆవిడ వారం మాట్లాడలేదట. ఆవిడ పోయిన తరవాత రెండేళ్ళకి బీరువాలు ఎత్తుకెళ్ళారు. అప్పుడు అందులో ఉన్నదంతా తీసి క్లౌడ్‌లో ఒక చిన్న సర్వర్ చేసి, అదే పేరు ఉంచాడు. పోయినదాని పేరు వేరేదానికి పెట్టకూడదన్న షరతు ఎక్కడినుంచి వచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది. మోరీన్ వేరేది కాదు. "అయితే అది నిజంగా ఏం చేస్తుంది?" అని అడిగాను, బుద్ధి లేక.

"చెప్పానుగా" అన్నాడు.

మర్నాడు ఆయన ఒక షార్ట్‌బ్రెడ్ బిస్కట్ల డబ్బా నా బల్ల మీద పెట్టాడు, నాకు కాదు, ఆంటీకి. ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చి, తప్పదని మొత్తం ఒప్పుకున్నాను. ఫైలు, పువ్వులు, బెల్‌ఫాస్ట్, టీ తాత భార్య సంగతి, అన్నీ. ఆంటీ తిడుతుందని చూశాను. ఆవిడ వేరేచోట ఆగిపోయింది.

"ఎవరూ, మీ అంకులా? అందరికన్నా ముందు లేచాడా?"

"అందరికన్నా వేగంగా పనిచేశారట."

"ఆ బెల్‌ఫాస్టు పిల్ల ఎవర్ని చూసి ఎవరనుకుందో" అని ఆంటీ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఎంతవరకు నవ్వో నేను అడగలేదు. తరవాత డబ్బా మూత తీస్తూ ఒక్కసారి ఆగి నన్ను గద్దించింది. "ఆ మోరీన్‌కి మొగుడున్నాడా! మరి ఆయన్నెందుకు పిలవలేదయ్యా?"

తరవాతి నవంబరు నుంచి పిలిచాం. టీ తాత ఆఖరి వరసలో, మగ్గు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. అరవై తెలుగు పేర్లు ఓపిగ్గా విని, తనది రాగానే లేచేవాడు. ఆయన ఒక్కడే లేచిన ఏడాది ఒక్కటీ లేదు.

ఇన్నేళ్ళ తరవాత మొన్న నేను మాంచెస్టర్‌లో వేరే ఉద్యోగానికి బయల్దేరుతూ, పాతవన్నీ శుభ్రం చేసి కొత్తవాళ్ళకి అప్పగించాను. ఇప్పుడు సర్వర్లకి పేర్లు లేవు, పొడుగాటి నంబర్లే, ఎవరూ వాటిని ఫోన్‌లో చెప్పుకోరు. జాబితాలో అక్కర్లేనివన్నీ గుర్తుపెడుతూ అడుగుకి వచ్చాను. పొరపాటున ఆ గడి మీద కూడా నొక్కాను. చిన్న పెట్టె తెరుచుకుంది. నా వేలికి అలవాటు పోలేదు, 'అవును' దాకా వెళ్ళింది. అక్కడ ఆగి, జీవితంలో మొదటిసారి ఒక కంప్యూటరు ప్రశ్నని మొదటినుంచి చివరిదాకా చదివాను. మోరీన్‌ను తీసేయమంటారా, తీసేస్తే మళ్ళీ తిరిగి రాదు, మీకు నిశ్చయమేనా అని అడుగుతోంది. ఇంత వివరంగా, ఇంత మర్యాదగా ఎప్పటినుంచి అడుగుతోందో పాపం. కాదు అని నొక్కాను. అప్పగింత కాగితంలో అడుగున ఒక లైను రాశాను. నా స్థానంలో వచ్చిన అమ్మాయి అది చూసి, "ఇది ఏం చేస్తుందండీ?" అని అడిగింది.

ఏం చెప్పానో మీకు తెలుసు.